కనబడిందంటే ఉన్నట్టేనా?

ఆడి కృత్తిక నాడు తిరుత్తణి కొండ మెట్ల దగ్గర నిలబడి, కావడి మోసుకొని వచ్చేవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగి చూడండి, ఎందుకు వచ్చినారు అని. పెళ్ళయిన పదేళ్ళకి బిడ్డ పుట్టిందని ఒకరు చెప్తారు. కలలో వేలాయుధం కనబడిందని ఇంకొకరు. ఆస్పత్రిలో ఇంక కష్టమే అని చెప్పిన రాత్రి మంచం పక్కన ఎవరో వచ్చి నిలబడినట్టు అనిపించింది, తెల్లవారేసరికి జ్వరం తగ్గింది అని మరొకరు. చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్ళయినా, అరక్కోణం వైపు నుంచి వచ్చే తమిళవాళ్ళయినా భాష వేరే గాని చెప్పే సంగతి ఒకటే. "నేను చూసినాను. నాకు జరిగింది."

తిరువళ్ళూరులో మేము రిటైరైనవాళ్ళం ఐదారుగురం పొద్దున పూట ఒక టీ అంగడి దగ్గర చేరతాం. అందులో ఒకాయన నల్ల చొక్కా మనిషి, చిన్నప్పటి నుంచి పెరియార్ కట్చి. ఇంకొకాయన ప్రతి నెలా కృత్తికకి ఉపవాసం ఉండి కొండకి పోయి వచ్చేవాడు. పోయిన ఆడి నెలలో ఇద్దరికీ పెద్ద వాదం అయింది. "నా కళ్ళతో చూసినాను మామా, ఇంకేం సాక్ష్యం కావాల నీకు?" అని ఈయన. "నువ్వు చూసింది నీ తలకాయ లోపల ఉండేది, బయట ఉండేది కాదు" అని ఆయన. మధ్యలో నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇద్దరూ నాతో ఒకే షిఫ్టు చేసినవాళ్ళే. ఒకరి వైపు మాట్లాడితే ఇంకొకరు టీ డబ్బులు ఇయ్యరు. పత్రికలో రాస్తాను, అక్కడ చదువుకోండి అని తప్పించుకొని వచ్చినాను. నేను చదివింది ఐదో తరగతి. కానీ ఈ విషయం మీద మన తిరుత్తణి చుట్టుపక్కల జరిగిన సంగతులే చాలా ఉండాయి. కొన్ని నాకు ముందే తెలుసు, కొన్ని మా వీధిలో ఉండే రిటైరు తెలుగు మాస్టారు పుస్తకాలు తీసి చదివి చెప్పినారు.

మొదట వళ్ళలార్ సంగతి. రామలింగ స్వామి అంటే ఎక్కువమందికి తెలుసు. 1823లో చిదంబరం దగ్గర మరుదూరులో పుట్టినారు. తండ్రి చిన్నప్పుడే పోతే, అన్నగారు మద్రాసు ఏడు బావుల వీధి వైపు కాపురం పెట్టి పెంచినారు. పిల్లవాడు బడికి సరిగ్గా పోడు, గుడికి పోతాడు. మేడ మీద గదిలో గోడకి ఒక అద్దం తగిలించి, దాని ముందు దీపం పెట్టి కూర్చునేవాడంట. ఒకరోజు ఆ అద్దంలో తన ముఖం బదులు తిరుత్తణి మురుగన్ కనబడినాడు. ఆరు ముఖాలు, పన్నెండు భుజాలతో కనబడినాడని చెప్తారు. అప్పటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. అక్కడి నుంచి తిరుత్తణి స్వామి మీద పాటలు మొదలైనాయి.

ఆ గదిలో ఇంకొకరు ఉంటే వాళ్ళకి ఏం కనబడి ఉంటుంది? దీపం, అద్దం, పిల్లవాడి ముఖం. ఇదే అసలు చిక్కు. చూసింది ఒక్కడే. ఆయన అబద్ధం ఆడే మనిషి కాడు, తర్వాత బతికిన బతుకే దానికి గుర్తు. కానీ అబద్ధం ఆడనివాడు చెప్పినంత మాత్రాన, కనబడిన వస్తువు బయట ఉందని తేలుతుందా?

రెండో సంగతి ముత్తుస్వామి దీక్షితులది. 1775లో తిరువారూరులో పుట్టి 1835లో పోయినారు. కాశీకి పోయి, అక్కడ ఒక యోగి దగ్గర కొన్నేళ్ళు ఉండి, తిరిగి వచ్చినాక తిరుత్తణి కొండ ఎక్కి ధ్యానంలో కూర్చున్నారు. ఒక ముసలాయన వచ్చి నోరు తెరువమని కలకండ వేసి మాయమైపోయినాడని కథ. ఆ తీపి నోట్లో ఉండగానే మాయామాళవగౌళ రాగంలో మొదటి కృతి వచ్చిందంట. తర్వాత వరసగా ఎనిమిది విభక్తుల్లో ఎనిమిది కృతులు అదే స్వామి మీద కట్టినారు. పాటలు నిజం, ఈరోజుకీ కచేరీల్లో పాడుతా ఉండారు. కలకండ సంగతి ఆయన నోటికే తెలియాల. నల్ల చొక్కా ఆయన దీనికి ఏమంటాడంటే, తండ్రి రామస్వామి దీక్షితులే పెద్ద విద్వాంసుడు, ఇంట్లో సంగీతం, కాశీలో చదువు, ఇన్నేళ్ళు నేర్చుకున్నవాడికి పాట రాక ఏం వస్తుంది, కలకండ లేకపోయినా వచ్చేదే అని. న్యాయమైన మాటే. అయితే ఇన్నేళ్ళు నేర్చుకున్నవాళ్ళు వందలమంది ఉంటారు, అందరికీ అట్లాంటి పాట రాదు గదా అని భక్తుడి జవాబు. అది కూడా నిజమే, కాని రాలేదు అనేదానికి కలకండ ఒక్కటే కారణం కావాలని లేదు.

మూడోది మనందరికీ తెలిసిన రామదాసు కథ. గోల్కొండ తానీషా దగ్గర తహసీల్దారుగా ఉండి సర్కారు పైకంతో భద్రాచలం గుడి కట్టించి జైల్లో పడినాడు. ఒక రాత్రి ఇద్దరు కుర్రవాళ్ళు తానీషా దగ్గరికి వచ్చి బాకీ మొత్తం చెల్లించి, రసీదు రాయించుకొని, ఆ రసీదు జైల్లో గోపన్న తల దగ్గర పెట్టి పోయినారు. ఈ కథలో నాకు చిన్నప్పటి నుంచి ఒక విషయం విచిత్రంగా ఉండేది. పన్నెండేళ్ళు ఏడ్చిన భక్తుడికి దర్శనం కాలేదు, తురకరాజుకి అయింది. అది ఒక పక్క ఉంచండి. కథ కట్టినవాళ్ళకి కూడా తెలుసు, ఉత్త దర్శనం చాలదని. తానీషా పొద్దున లేచి "రాత్రి రాముడు కనబడినాడు, విడిచిపెట్టండి" అంటే మంత్రులు ఊరుకుంటారా? అందుకని మొహరీలు కావాల్సి వచ్చినాయి, రసీదు కావాల్సి వచ్చింది. మన పి.ఎఫ్. ఆఫీసులో ఎట్లాగో అట్లాగే. నేను చెల్లించినాను అంటే కుదరదు, కాగితం చూపించాల.

అంటే ఈ మూడింట్లో అద్దం ఒక్కరు చూసింది, బయట ఏమీ మిగల్లేదు. కలకండలో పాట మిగిలింది. రామదాసు కథలో రసీదు మిగిలింది, కాని అది కథ, ఆ రసీదు మనం చూసింది కాదు.

ఇప్పుడు మన మిల్లు సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో మనకు తెలిసినంత మద్రాసు ప్రొఫెసర్లకి కూడా తెలియదు. నేను రింగ్ ఫ్రేము సైడు చూసినాను 31 ఏళ్ళు. నైట్ షిఫ్టులో రెండు దాటి మూడు అయ్యేటప్పటికి ఆ మిషన్ల మోతలో ఏమేం వినబడుతుందో చేసినవాళ్ళకి తెలుసు. ఒకరికి భజన వినబడుతుంది. ఒకరికి బిడ్డ ఏడుపు. నాకు మా అమ్మ పిలిచినట్టు వినబడేది, పేరు పెట్టి, సాగదీసి, ఊర్లో చీకటి పడినాక పిలిచినట్టు. తిరిగి చూస్తే డాఫింగ్ పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అమ్మ పళ్ళిపట్టు దగ్గర మా ఊర్లో నిద్రపోతా ఉంటుంది. ఒకసారి పక్క సైడు ఆయన్ని అడిగినాను, ఏమన్నా వినబడిందా అని. "నాకు నాదస్వరం వినబడుతోంది, నువ్వు ఊరుకో" అన్నాడు.

మోత ఒకటే. మిషను ఒకటే. నాకు అమ్మ, ఆయనకి నాదస్వరం. అంటే వినబడింది అబద్ధం కాదు, ఇద్దరికీ నిజంగానే వినబడింది. కానీ మోతకి రూపం ఇచ్చింది ఎవరి తలకాయ వాళ్ళదే. నిద్ర లేకపోతే, ఆకలిగా ఉంటే, ఒకే పని గంటలకొద్దీ చేస్తా ఉంటే ఇది ఇంకా ఎక్కువ అవుతుంది. ఉపవాసం, జాగారం, ఒకే నామాన్ని లక్షసార్లు జపించడం, ఇవన్నీ మన పెద్దలు దర్శనానికి దారి అని చెప్పినవి. అవి తలకాయని అట్లాంటి స్థితికి తీసుకుపోతాయనేది వాళ్ళకీ తెలిసే ఉంటుంది. దర్శనానికి తలుపు తెరుస్తాయి అంటాడు భక్తుడు. మోతకి తలుపు తెరుస్తాయి అంటాడు నల్ల చొక్కా. తలుపు తెరుచుకోవడం వరకు ఇద్దరూ ఒప్పుకుంటారు.

వేల్స్ అని ఇంగ్లండు పక్క దేశం. అక్కడ డ్యూయీ రీస్ అని ఒక డాక్టరు, భర్తో భార్యో చనిపోయినవాళ్ళని 293 మందిని కలిసి మాట్లాడి 1971లో రాసినాడు. దాదాపు సగంమందికి పోయిన మనిషి పక్కన ఉన్నట్టు అనిపించిందంట. కొంతమంది చూసినారు, కొంతమంది మాట విన్నారు. అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు ఎక్కువమంది, పిచ్చి అంటారేమోనని. చాలామందికి అది ధైర్యాన్నిచ్చిందే గాని భయపెట్టలేదు. మా వీధిలో కూడా ఒక అక్క చెప్తుంది, ఆయన పోయినాక ఆరు నెలలు రాత్రి షిఫ్టు అయి వచ్చే టయానికి సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినబడేదని. ఆమెకి పిచ్చి లేదు, ఇరవై ఏళ్ళుగా చీటీలు నడుపుతా ఒక రూపాయి తేడా రానివ్వని మనిషి.

ఇంకొకటి మన మద్రాసులోనే జరిగింది. తాన్యా లూర్మన్ అని అమెరికా ఆమె, ఇక్కడి స్కార్ఫ్ సంస్థ డాక్టర్లతో కలిసి, మనసు జబ్బుతో గొంతులు వినబడేవాళ్ళని ఇరవైమందిని అడిగింది. అట్లాగే ఆఫ్రికాలో ఘానా దేశం అక్రాలో ఇరవైమందిని, అమెరికాలో ఇరవైమందిని. అమెరికావాళ్ళకి ఎక్కువగా కొట్టు, చంపు అనే గొంతులు. అక్రాలో ఎక్కువమందికి దేవుడి గొంతు. మద్రాసులో సగానికి పైన మందికి చుట్టాల గొంతు. అమ్మ, అత్త, అక్క, స్నానం చెయ్యి, వంట చెయ్యి అని చెప్పే గొంతులు. చదివి చెప్పినప్పుడు నవ్వు వచ్చింది, మనకి జబ్బులో కూడా అత్తగారే. కానీ ఆలోచిస్తే, వినబడే గొంతు ఎవరిది అనేది ఎక్కడ పుట్టినాము, ఎట్లా పెరిగినాము అనేదాన్ని బట్టి ఉంటుంది. వేలాంకన్ని పోయేవాళ్ళకి మరియమ్మ కనబడుతుంది, తిరుత్తణి పోయేవాళ్ళకి మురుగన్ కనబడతాడు. తిరువళ్ళూరు పిల్లవాడికి పరిచయం లేకుండా ఎక్కడో పెరూ దేశం దేవుడు కనబడినాడని నేను వినలేదు.

దీనికి జవాబు చెప్పినాయన కూడా మన తిరుత్తణి మనిషే. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టినారు. దేశానికి ప్రెసిడెంటు అయినారు, ఆయన పుట్టినరోజే టీచర్ల రోజు, ఇదంతా పిల్లలకి కూడా తెలుసు. కానీ ఆయన బతుకంతా రాసింది ఏమిటి అంటే చాలామందికి తెలియదు. ఈ విషయమే రాసినారు. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో, మళ్ళీ 1929లో హిబ్బర్ట్ ఉపన్యాసాలు అని ఇంగ్లండులో మాట్లాడినారు. ఆ రెండోది 1932లో పుస్తకం అయింది. మాస్టారు నాకు వివరించిన ప్రకారం ఆయన మాట ఇది. మతానికి పునాది పుస్తకం కాదు, గుడి కాదు, అనుభవం. కళ్ళు రంగు చూసినట్టు మనిషి లోపల ఇంకొక చూపు ఉంది, ఆ అనుభవం కలిగినవాడికి వేరే సాక్ష్యం అక్కరలేదు, దీపాన్ని చూడ్డానికి ఇంకొక దీపం అక్కరలేనట్టు. మరి ఒకరికి కృష్ణుడు, ఒకరికి క్రీస్తు ఎందుకు కనబడతారు? అనుభవం ఒకటే, దానికి తొడిగే బట్ట ఎవరి ఇంటి బట్ట వాళ్ళది అంటారు. నేత పని చేసే ఊర్ల మధ్య పుట్టినాయన, ఇట్లా చెప్తే మనకి బాగా అర్థం అవుతుంది. బట్ట మాట మాస్టారిదో ఆయనదో నాకు గుర్తు లేదు, అర్థం మాత్రం ఇదే.

ఈ వాదాన్ని తేలిగ్గా తోసెయ్యలేము. మన మిల్లులో పాత జాబర్లు ఉండేవాళ్ళు. నూలు రెండు వేళ్ళ మధ్య పట్టి లాగి, "ఇది నలభై కాదు, ముప్పై ఎనిమిది నడుస్తా ఉంది" అని చెప్పేవాళ్ళు. ఎట్లా తెలుసు అంటే చెప్పలేరు. వేళ్ళకి తెలుసు, అంతే. నోటితో నిరూపించలేనిది కూడా నిజమైన తెలివి కావచ్చు. రాధాకృష్ణన్ గారు చెప్పేది అట్లాంటి తెలివి గురించే.

కానీ జాబరు చెప్పినాక ఏం జరిగేది? బాబిన్లు టెస్టింగ్ రూముకి పోయేవి. 120 గజాలు చుట్టి తూకం వేస్తారు. 840 గజాల శిట్టాలు నలభై కలిపి ఒక పౌను తూగితే నలభై కౌంటు. ఒక్క బాబిను కాదు, వేరే వేరే ఫ్రేముల నుంచి తీసుకుంటారు. జాబరు మాట, తూకం ఎన్నోసార్లు సరిపోయినాయి కాబట్టే జాబరు వేళ్ళని నమ్మినాము. తప్పిన రోజులు కూడా ఉండాయి, ఆ రోజు తూకమే నిలబడింది, జాబరుకి ఎంత కోపం వచ్చినా. దేవుడి విషయంలో ఆ టెస్టింగ్ రూము ఎక్కడ ఉంది? పది మంది జాబర్లు ఒకే నూలుని పది రకాల కౌంటు చెప్తే మనం ఏం చేస్తాము? నూలు లేదని అనము. వేళ్ళ మీద నమ్మకం మాత్రం తగ్గుతుంది.

ఇట్లా అడగడం నాస్తికుల పని అనుకోవద్దు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న కుమారిల భట్టే, యోగులకి మామూలు మనుషులకి లేని చూపు ఉందనే మాట ఒప్పుకోలేదు. మన దేశంలో ఈ వాదం వెయ్యేళ్ళకి పైబడింది.

బయట చూపించగలిగిన మహిమలు అయితే పరీక్షకి నిలబడినట్టు నేను చూడలేదు. 1995 సెప్టెంబరు 21, గురువారం. వినాయకుడు పాలు తాగుతా ఉండాడని ఒక్క పూటలో దేశమంతా పాకింది. అంగళ్ళలో పాలు దొరకలేదు. ఢిల్లీ నుంచి సైంటిస్టులు రంగు కలిపిన పాలు పట్టి చూపించినారు. స్పూను అంచు తడి రాయికి తగలగానే పాలు పల్చటి పొరగా రాయి మీద కిందికి జారిపోతా ఉండాయి, తెల్ల పాలయితే కనబడవు, రంగు పాలయితే కనబడతాయి. సైజింగులో గంజి నూలు వెంబడి ఎట్లా పాకుతుందో చూసినవాళ్ళకి ఇది చెప్పాల్సిన పని లేదు. అట్లాగే అగ్నిగుండం. మన వైపు ద్రౌపదమ్మ తిరునాళ్ళలో నిప్పులు తొక్కుతారు. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్ళు కూడా తొక్కి చూపించినారు, దేవుడు లేడని చెప్తానే. బొగ్గు మీద బూడిద ఉంటుంది, బొగ్గు వేడిని మెల్లగా ఇస్తుంది, అడుగు ఆగకుండా పడితే కాలదు. నిప్పు ఇద్దరినీ ఒకే మాదిరిగా విడిచిపెట్టింది.

తిరువళ్ళూరు వైద్య వీరరాఘవ స్వామి కొలను సంగతి కూడా రాయాల. అమావాస్య నాడు బెల్లం తెచ్చి కొలనులో వేస్తారు, బెల్లం కరిగినట్టు రోగం కరగాలని. తై అమావాస్యకి వచ్చే జనం లెక్క పెట్టలేము. నేను కూడా వేసినాను, మా ఇంట్లో ఆమె మోకాళ్ళ కోసం. బాగైనవాళ్ళు మళ్ళీ వస్తారు, పక్కవాళ్ళకి చెప్తారు, వాళ్ళ మాట ఊరంతా తిరుగుతుంది. బాగు కానివాళ్ళు రారు. కొందరు రావడానికి ఉండరు కూడా. మంచి కోనులు మాత్రమే బండి ఎక్కించి, పాడైనవి వేస్టు గదిలో పడేసి, మన మిల్లులో ఒక్క కోను కూడా చెడిపోదు అని చెప్తే ఎట్లా ఉంటుందో ఇదీ అంతే.

భక్తుడి దగ్గర ఇంకొక గట్టి మాట ఉంది. ఫలితం చూడు అంటాడు. వళ్ళలార్ అద్దంలో చూసింది నిజం కాకపోతే, అంత గొప్ప బతుకు ఎట్లా వచ్చింది? 1867 మే 23న వడలూరులో ఆకలిగా ఉన్నవాళ్ళకి అన్నం పెట్టడానికి ధర్మశాల పెట్టినారు. ఆనాడు వెలిగించిన పొయ్యి ఇప్పటికీ ఆరలేదని చెప్తారు. కులం అడగరు, మతం అడగరు. నేను రెండుసార్లు ఆ పంక్తిలో కూర్చొని తిన్నాను. విలియం జేమ్స్ అని అమెరికా పండితుడు కూడా 1902లో వేసిన పెద్ద పుస్తకంలో ఇదే మాదిరి చెప్పినాడంట, చెట్టుని పండుతో చూడమని. అయితే ఆయనే ఇంకొకటి కూడా చెప్పినాడు. ఇట్లాంటి అనుభవం కలిగినవాడు దాన్ని నమ్మడానికి వాడికి హక్కు ఉంది, కలగనివాడు అది ఒప్పుకొని తీరాలనే బలవంతం లేదు.

ఫలితం గురించి నాకు ఒక సందేహం ఉంది. మా మిల్లు మూతపడినాక రెండేళ్ళకి, మళ్ళీ తెరుస్తారని పుకారు వచ్చింది. మాలో ఒకాయన, పనిలోకి పోవాల గదా అని ఆ వారంలోనే తాగుడు మానేసినాడు. మిల్లు తెరవలేదు. ఆయన మాత్రం మళ్ళీ తాగలేదు, ఇద్దరు ఆడపిల్లలకి పెళ్ళి చేసినాడు. ఫలితం బంగారం. పుకారు మాత్రం పుకారే. కాబట్టి వళ్ళలార్ పెట్టిన అన్నం ఆయన గొప్పతనానికి సాక్ష్యం. అద్దంలో ఎవరు ఉండినారు అనేదానికి సాక్ష్యం కాదు.

ఇంకొక సంగతి చాలామంది భక్తులు చెప్పరు. వళ్ళలారే చివర్లో తన చూపుని మార్చుకున్నారు. 1872లో వడలూరులో కట్టించిన జ్ఞానసభలో విగ్రహం లేదు, ఏడు తెరల వెనక దీపం ఉంది. 1873లో చేసిన పెద్ద ఉపదేశంలో, మొదట్లో శైవం మీద తనకు ఉన్న పట్టుని విడిచిపెట్టినానని, మీరు కూడా మతాల పట్టు విడవండి అని చెప్పినారు. అద్దంలో మురుగన్‌ని చూసిన మనిషే, ఆ రూపం దగ్గర ఆగిపోలేదు. చూసినవాడే తను చూసినదానికి అర్థం మార్చుకుంటే, చూడని మనం దాని మొదటి అర్థాన్ని పట్టుకొని ఎందుకు కొట్లాడాల?

ఇదంతా టీ అంగడి వాదం అయితే నేను ఇంత రాయను. మా వీధిలో పవర్‌లూము నడిపే ఒకాయన కూతురికి పన్నెండేళ్ళప్పటి నుంచి మూర్ఛ. గవర్నమెంటు ఆస్పత్రి మాత్రలతో ఏడాదిన్నర ఒక్కసారి కూడా రాలేదు. జాతరలో పిల్ల మేనత్తకి సామి వచ్చింది. "నా బిడ్డని నేను చూసుకుంటా, మాత్రలు ఆపండి" అని చెప్పింది. ఆపేసినారు. మూడో వారంలో పొయ్యి దగ్గర పడి మోచెయ్యి కాలింది.

ఆ మేనత్త నాటకం ఆడలేదు. ఆ పిల్ల అంటే ఆమెకి ప్రాణం. తనకి జరిగిన అనుభవం ఆమెకి నూరుపాళ్ళు నిజం. అందుకే నేను నల్ల చొక్కా ఆయన మాదిరిగా మోసం, దగా అని అనలేను. కానీ ఒకరి అనుభవం ఇంకొకరి మాత్ర ఆపే హుకుం అయినప్పుడు, తూకం అడగాల్సిందే. నీకు కనబడినాడు, నువ్వు దండం పెట్టుకో, నువ్వు ఉపవాసం ఉండు, ఎవరూ వద్దనరు. ఆ పిల్ల తలకాయలో ఏం జరుగుతోందో నీకు కనబడలేదు గదా.

రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఏం జరిగిందో మరిచిపోయినారా? మనసు బాగాలేనివాళ్ళని దర్గా దగ్గర ప్రైవేటు కొట్టాలలో గొలుసులతో కట్టి ఉంచేవాళ్ళు. బాగైంది, ఇంటికి పో అని కలలో ఆజ్ఞ రావాల, అప్పుడు విడుస్తారని నమ్మకం. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక కొట్టం అంటుకుంది. గొలుసుల్లో ఉన్నవాళ్ళు లేచి పరుగెత్తలేకపోయినారు. 28 మంది పోయినారు. హిందువులు, ముస్లిములు అందరూ అక్కడికి వచ్చేవాళ్ళే. తర్వాత గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో వేరే దారి పట్టినారు, మందు, ప్రార్థన రెండూ అని. ముజావర్లే భక్తుల్ని అక్కడ ఉన్న డాక్టరు దగ్గరికి పంపిస్తారు. ప్రార్థన మానమని ఎవరూ చెప్పరు.

మా వీధి పిల్ల విషయంలో కూడా అట్లాగే జరిగింది, ఎవరూ ప్లాను వేయకుండానే. మళ్ళీ జాతరలో మేనత్తకి సామి వచ్చినప్పుడు, పిల్ల నాయనమ్మ పోయి ఎదురు నిలబడింది. "నువ్వు చెప్పినావని ఆపినాము తల్లీ, పిల్ల కాలింది. ఆ మాత్ర కూడా నీ విభూతే అని చెప్పు, లేదంటే నేను ఈడి నుంచి కదలను" అని అడిగింది. కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత సామి సరే అనింది. ఇప్పుడు మాత్రల డబ్బా పూజ గూట్లో, పసుపు కుంకుమ పక్కనే ఉంటుంది. పిల్ల ప్లస్ టూ చదువుతోంది.

మూర్ఛ ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, మాత్రలు మీరుగా ఒక్క పూట కూడా ఆపకండి, తగ్గించాలన్నా డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాల. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో ఇనుము, తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. ఐదు నిముషాలు దాటితే 108కి ఫోను చెయ్యండి.